నూటికి ముప్పై

కాటేదాన్‌లో మా షెడ్డు రేకుల మీద వాన పడితే
మిషన్ల చప్పుడు కూడా వినబడదు.
ఆ రోజు వాన లేదు.
అందుకే స్టూలు కాలు విరిగిన శబ్దం
గేటు దగ్గర చాయ్ తాగుతున్న ఖదీర్ భాయ్ దాకా పోయింది.

విరిగిన చోట వంగి చూశాను.
ప్లాస్టిక్ నోట్లోంచి
గోగునార పోగులు బయటికి వేలాడుతున్నాయి.
ఒక్క పోగూ తెగలేదు.
జారి వచ్చేశాయి, అంతే.
ఆర్నెల్లు పక్కపక్క పోర్షన్లలో ఉండి
పేర్లైనా అడుక్కోని వాళ్లలా
రెండూ ఒకే అచ్చులో చల్లబడ్డాయి.

ఎవర్ని తప్పు పట్టను?
దానికి నీళ్లంటే గిట్టదు.
ఇది నీళ్లలో నానితేనే నార అయింది.
మధ్యలో మాట కలిపేవాడొకడు కావాలి,
ఒక చెయ్యి ఇటు, ఒక చెయ్యి అటు వేసే
పెళ్లిళ్ల పేరయ్య.
మా దగ్గర అతను పసుపు రంగు గింజలై
మూలన పాతిక కిలోల బస్తాలో ఉంటాడు.
వందకి మూడు పాళ్లు పడాలి.
ధర చూసి సేఠ్ ఒకటి చాలన్నాడు.
ఒకటే వేశాం. కాలు విరిగింది.

మర్నాడు మూడు వేశాం.
ఈసారి బుడగలు,
పెనం మీద అట్టుకి కళ్లు లేచినట్టు స్టూలు నిండా.
నేను కాగితాలు తిరగేస్తుంటే
ఊడుస్తున్న పోశవ్వ చీపురు పక్కన పెట్టి
బస్తాలోంచి గుప్పెడు నార తీసి చెంపకానించుకుంది.
"పచ్చిగున్నది బిడ్డా.
ఎండినట్టే అగుపిస్తది గని
నార తడి దాసుకుంటది."
నా తేమ మీటర్లో బ్యాటరీ అయిపోయి పది రోజులు.
ఆ మాట ఆమెకి చెప్పలేదు.

రాత్రంతా ఓవెన్లో ఎనభై డిగ్రీల దగ్గర నార ఆరింది.
పొద్దున ముద్ద జారడానికి కాస్త మందు కలిపాం,
పాలమూరు ఆముదం నుంచి తీసింది.
నానమ్మ నా మాడుకి అంటిన నూనె
ఇవాళ ఇనుప గొంతులో దిగుతోంది.
ఏ చెట్టూ లేని కాటేదాన్‌లో
ఆముదం చెట్టే మహావృక్షమంటే
నేను కాదనను.

రెండొందలు దాటిందా, బెల్లం మాడిన వాసన.
ఖదీర్ భాయ్ నూట ఎనభై అయిదు దగ్గర
జ్వరమొచ్చిన పిల్లవాడి నుదురు చూస్తున్నట్టు
బారెల్ పక్కనే నిలబడ్డాడు.
అచ్చు తెరుచుకుంది.

మట్టి రంగు స్టూలు.
ఒంటి నిండా గోధుమ చుక్కలు.
బేగంబజార్ దుకాణదారు తిప్పి తిప్పి చూసి
"ఇందులో గడ్డి పడిందేంది?" అన్నాడు.
పడలేదు, వేశాం అన్నాను.
పది రూపాయలు తగ్గించమన్నాడు.

సేఠ్‌కి మాత్రం హుషారొచ్చింది.
డబ్బా మీద పెద్ద ఆకు బొమ్మ వేయిద్దామన్నాడు.
అప్పుడు చెప్పాను,
నూటికి ముప్పై పాళ్లే మొక్క.
తక్కిన డెబ్బై ఆ పాత ప్లాస్టికే,
ఈ స్టూలు ఏ డంపులో పడ్డా
చెదలు తినగలిగింది తిన్నాక
ఆ డెబ్బై మన మనవళ్ల దాకా ఉంటుంది.
ఆకులో మూడో వంతు కూడా గీయకండి.
ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు.
డెబ్బై తక్కువేమీ కాదు, నిజమే,
కానీ నిన్నటిదాకా అది వంద.
ఈ లెక్క ఊరటో సాకో
నాకింకా తేలలేదు.

మధ్యాహ్నం గంట కొట్టాక
కొత్త స్టూలు మీద పోశవ్వ కూచుంది,
మొదట సగం బరువే వేసి,
తర్వాత నమ్మి.
అంచున ఒక పోగు పైకి లేచి ఉంది.
అన్నం డబ్బా మూత తీయకముందే
దాన్ని గోటితో పట్టి లాగింది.
రాలేదు.
మళ్లీ గట్టిగా లాగింది.
తెగింది.